నలుచదరం పంచ్‌కి గుండ్రటి చొక్కా

నాన్న సెంటర్ పంచ్ మొన మొద్దుబారిందని గ్రైండర్ మీద పెట్టా. కాడేమో నలుచదరం. వేళ్లతో తిప్పుతుంటే పలక పలకకీ ఆగుతోంది. చివరికి మొన ఓ పక్కకి పోయింది. దాంతో గేటు బందుకి గుర్తు పెడితే, సుత్తి దెబ్బకి జారింది. రంధ్రం తప్పింది, బోల్టు ఎక్కలేదు!

డ్రిల్ చక్‌లో బిగించి చూశా. నాలుగు పలకల్ని మూడు దవడలు సమానంగా పట్టవు కదా, మొన ఊగిపోయింది.

"చతురస్రానికి కర్ణం ఎంతరా?" అన్నారు నాన్న.

స్కూలు లెక్కే! భుజం 8 మి.మీ. అయితే కర్ణం సుమారు 11.3. దాదాపు అంత బోలు ఉన్న పైపు ముక్క వెతికా. కాస్త వదులుంటే కాడకి టేపు చుట్టి దూర్చా. పంచ్ గుండ్రమైపోయింది!

ఇనుప యాంగిల్ ముక్కని చక్రానికి 45 డిగ్రీల వాలులో బిగించి, అందులో పైపుని ఆనించి నిదానంగా తిప్పా. 90 డిగ్రీల మొన వచ్చింది. కళ్లద్దాలు మాత్రం మర్చిపోకండి. మాటిమాటికీ నీళ్లలో ముంచండి. మొన నీలం తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే.

నాన్న మొనని గోటి మీద ఆనించి చూశారు. పంచ్ తన పెట్టెలో పెట్టుకుంటూ ఒకటే మాట: "ఆ పైపు పారెయ్యకు."

నాకు అదే ఫస్ట్ క్లాస్!