రిజిస్టర్లో రాయని మాట

కోయ పిల్ల తెలుగు పలకడంలో తడబడితే తరగతంతా నవ్వుతుంది. తెగ పేరే తిట్టవుతుంది. ఇది పిల్లల అల్లరి అంటే మేం ఒప్పుకోం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును నిషేధించింది. కానీ చర్య సర్వీసు రూల్స్ ప్రకారమే, అంటే టీచర్ల మీదే. తోటి పిల్లలు వేధిస్తే జవాబుదారీ ఎవరు? కులం, జాతి, భాష పేరుతో వేధించడం ర్యాగింగేనని 2016లో యూజీసీ కాలేజీలకు స్పష్టంగా చెప్పింది. బడిపిల్లలకు అంత స్పష్టమైన చట్టం ఏది? అవమానం భరించలేక బడి మానితే 'డ్రాపౌట్' అని రాస్తారు. వెళ్లగొట్టింది ఎవరో రాయరు.

పిల్లలను జైల్లో పెట్టమని మేం అడగడం లేదు. హెడ్మాస్టరు బాధ్యతను చట్టంలో రాయండి. కోయలో, గోండిలో, సవరలో చెప్పిన ఫిర్యాదునూ తీసుకోండి. విచారణ కమిటీలో మా తల్లులను కూర్చోబెట్టండి.