గుర్రపు డెక్కకి మందు కాదు, ముందు మేత ఆపాలి

వీడియోలో చూశారు కదా, మా ఊరి పంట కాలువ. నీళ్లు కనపడట్లేదు, ఎటు చూసినా గుర్రపు డెక్కే. ఊదా పూలు చూడ్డానికి బాగుంటాయి గానీ, శివారు చేలకి నీరందక నారు ఎండిపోతుంటే ఆ అందం ఎవరిక్కావాలి?

మొన్న మా బాబాయి "కలుపు మందు కొట్టించేద్దాంరా, కూలి ఖర్చు తప్పుద్ది" అన్నాడు. నేను వద్దన్నాను. మందు కొడితే డెక్క చస్తుంది, కానీ అక్కడే మునిగి కుళ్లుతుంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి. మన మంచినీళ్ల చెరువు నిండేదీ, గేదెలు తాగేదీ ఆ కాలువ నీళ్లే కదా! పైగా అడుగు బురదలో దాని గింజలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దానికంత బలం ఎక్కడిది? మనం పెట్టిందే. చేలో ఎక్కువైన యూరియా, డీఏపీ, దానికి తోడు ఊరి మురుగు, అన్నీ ఆ నీళ్లలోకే పోతున్నాయి. ఆ మేత ఆపకుండా ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తుంది.

నా మాట ఇదీ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, వీలైతే పూతకి ముందే, ఎగువ నుంచి మొదలుపెట్టి వేర్లతో సహా తీయాలి. పిలక మిగిలినా చాలు, మళ్లీ అల్లుకుంటుంది. తీసింది గట్టు మీదే వదిలేస్తే వానకి తిరిగి కాలువలోకే జారుతుంది. దూరంగా వేసి, వాడనిచ్చి, పేడ నీళ్లు చల్లుతూ పొరలుగా కుప్ప వేస్తే మంచి కంపోస్టు అవుతుంది. బాగా ఎండిందైతే కొబ్బరి, అరటి మొదళ్లలో మల్చింగ్‌గా పరచొచ్చు. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే డ్రెయిన్లలోది మాత్రం పొలానికి తేవద్దు, అది భార లోహాలను పీల్చుకుంటుంది.

దీంతో వ్యాపారం చేసి లక్షలు తీయొచ్చని చెప్పేవాళ్లని నమ్మకండి. 100 కిలోల పచ్చి డెక్కలో 90 కిలోల పైనే నీళ్లు. లారీలో దూరం తోలితే నీళ్లకి కిరాయి కట్టినట్టే. పక్క చేలకి వాడుకుంటేనే గిట్టుబాటు.

చేలో నుంచి పోయిన ఎరువునే డెక్క తిని పెరిగింది. దాన్ని మళ్లీ చేలోకి తెచ్చుకుందాం. మీ ఊళ్లో ఏం చేస్తున్నారో కింద రాయండి.