గెర్బర్‌లో ఉన్నట్టే చేసెయ్యండి

సాఫ్ట్‌వేర్ వాడికి పీసీబీతో ఏం పని అనుకోకండి. నేను రాసేది ఎంబెడెడ్ కోడ్. అది నడవాలంటే కింద ఒక పచ్చ బోర్డు ఉండాలి కదా. ఆ బోర్డులు తయారుచేసే యూనిట్‌కి తిరిగే పని మా కంపెనీలో నాకు తగిలింది. కారణం మా ఇల్లు రామంతాపూర్‌లో ఉండటమే. హబ్సిగూడ, నాచారం, మల్లాపూర్ దాటితే చర్లపల్లి, 1967లో ఈసీఐఎల్ పుట్టిన వైపు. మిగతావాళ్ళంతా మాదాపూర్ అవతల ఉంటారు :)

తార్నాకలో బస్సెక్కి కోఠీ వెళ్ళి సామాను తెచ్చుకుని, కాలేజీ ల్యాబులో ఫెర్రిక్ క్లోరైడ్‌లో బోర్డు కడిగినవాళ్ళం మనలో చాలామందిమి. పీసీబీ తయారీ అంటే అంతే అనుకుంటాం. అసలు ఫ్యాబ్‌లో రంధ్రం లోపలి గోడకి కూడా రాగి ఎక్కిస్తారు. మా గొడవంతా అక్కడే వచ్చింది.

పని మొదలెట్టే ముందు ఫ్యాబ్ వాళ్ళు అనుమానాలన్నీ రాసి పంపిస్తారు. దాన్ని ఈక్యూ, అంటే ఇంజనీరింగ్ క్వెరీ అంటారు. మనవాళ్ళ జవాబు ఎప్పుడూ ఒకటే, "గెర్బర్‌లో ఉన్నట్టే చేసెయ్యండి". కంపైలర్ వార్నింగులన్నీ ఆపేసి బిల్డ్ కొట్టడం లాంటిదన్నమాట.

పోయినేడాది ఒక బోర్డు. కనెక్టర్ పిన్ను 0.64 మి.మీ. చదరం, అంటే మూల నుంచి మూలకి 0.9 పైనే. డ్రాయింగ్‌లో రంధ్రం 0.95 అని ఉంది. అది డ్రిల్లు సైజా, పూత అయ్యాక మిగలాల్సిన సైజా? ఎక్కడా రాసి లేదు. వాళ్ళు అడిగారు. మా పర్చేజ్ నుంచి మామూలు జవాబే వెళ్ళింది. వాళ్ళు 0.95 డ్రిల్లే వేశారు. గోడకి 25 మైక్రాన్ల చొప్పున రాగి, అటూ ఇటూ కలిపి 0.05 పోయింది. ఆ పైన టంకం పూత. పిన్ను దిగలేదు.

మళ్ళీ పెద్ద డ్రిల్లు వేద్దామంటే లోపలి రాగి కాస్తా ఊడిపోతుంది, పొరల మధ్య కనెక్షన్ తెగిపోతుంది. రెండొందల బోర్డులు చెత్తే. తమాషా ఏంటంటే అవన్నీ ఎలక్ట్రికల్ టెస్ట్ పాసయ్యాయి! ఆ టెస్టు ఎక్కడ కలవాలి, ఎక్కడ కలవకూడదు అన్నదే చూస్తుంది. పిన్ను పడుతుందో లేదో దానికేం తెలుసు?

మావాళ్ళు బిల్లు ఆపేశారు. "ఎవరైనా పూత తర్వాతి సైజనే అనుకుంటారు, వీళ్ళకి ఆ మాత్రం తెలీదా?" అని వాదన. నిజమే, చాలా ఫ్యాబ్‌లు అలాగే అనుకుని పెద్ద డ్రిల్లు వేసుకుంటాయి. కానీ వీళ్ళు అడిగారుగా! "ఉన్నట్టే" అని మనమే రాసిచ్చాంగా! పదిహేను మంది పనిచేసే షెడ్డుకి రెండొందల బోర్డుల డబ్బు ఆపడం నా మటుకు నాకు అన్యాయమే. మా మేనేజరు చదివితే చదవనీ.

అలాగని ఫ్యాబ్ వాళ్ళందరూ సత్తెకాలపు మనుషులని కాదు. తెగిన ట్రాకుని చేత్తో అతికించి, పైన పచ్చరంగు పూసి చెప్పకుండా పంపేవాళ్ళూ ఉన్నారు. అందుకే ప్రతి లాటుకీ మైక్రోసెక్షన్ రిపోర్టు అడగండి, బోర్డుని అడ్డంగా కోస్తే రాగి మందం ఎంతుందో అందులో కనిపిస్తుంది. అడిగితే విసుక్కునేవాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి.

చైనా నుంచి చవగ్గా వస్తాయి కదా అంటారా? ప్రోటోటైపుకి నేనూ తెప్పిస్తాను. కానీ చర్లపల్లిలో ఒక ఆపరేటర్ మా ఇంకో బోర్డుని చదునైన బండ మీద పెట్టి, "ఇటు చూడు సార్, ఎట్ల ఊగుతుందో" అని వేలితో నొక్కి చూపించాడు. ఒక పక్కంతా రాగి, రెండో పక్క ఖాళీ, అందుకే వంకర. సర్ఫేస్ మౌంట్ బోర్డుకి ఐపీసీ ఒప్పుకునే వంకర 0.75 శాతమే. రూల్ చెక్‌లో ఏ ఎర్రరూ లేకుండా బయటికొచ్చిన లేఔట్ అది.

ఇప్పుడు మా డ్రాయింగుల మీద "రంధ్రం సైజులన్నీ పూత తర్వాతివి" అని ఒక లైను ఉంటోంది. ఈక్యూకి జవాబు కూడా లేఔట్ చేసినవాళ్ళే రాస్తున్నారు. ఆ బిల్లు మాత్రం ఇంకా తేలలేదు. నేను వెళ్ళినప్పుడల్లా వాళ్ళు టీ తెప్పించి, దాని సంగతే అడుగుతున్నారు.