వాకిలి మూసే నేరం

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజున విద్యార్థులందరికీ అనుభవమయ్యే విషయం ఒకటి ఉన్నది. హాల్‌టికెట్ నంబరు చేతపట్టుకొని కంప్యూటరు ముందో, సెల్‌ఫోను ముందో కూర్చుంటాము. లక్షలాది విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఒకే గడియలో ఒకే వెబ్‌సైట్‌ను తెరవడానికి ప్రయత్నిస్తారు. ఆ ఒత్తిడికి వెబ్‌సైట్ మొరాయిస్తుంది. మన ఫలితాన్ని ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ దిద్దలేదు. అయినా అది మనకు అందదు. ఆ కొద్దిసేపు మనం పడే ఆరాటం ఇంతా అంతా కాదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. జనం పెరిగి ద్వారం ఇరుకైనది, అంతే. ఇదే పరిస్థితిని ఒక దుర్మార్గుడు బుద్ధిపూర్వకంగా, కృత్రిమంగా కల్పిస్తే దానిని సేవానిరాకరణ దాడి అంటారు.

రేషను దుకాణం ముందు వరుసను ఊహించుకుందాం. బియ్యం అక్కరలేని వేయిమంది కూలికి వచ్చి ఆ వరుసలో నిలబడ్డారు. ప్రతివాడూ దుకాణదారును ఏదో ఒకటి అడుగుతాడు, సమాధానం వినకుండానే మళ్ళీ వరుసలో చేరుతాడు. బియ్యం నిజంగా కావలసిన వృద్ధురాలు సాయంకాలం దాకా నిలబడి వట్టి సంచితో ఇంటికి తిరిగిపోతుంది. దుకాణంలో ఒక్క గింజ కూడా పోలేదు. కాని ఆ ఇంట పొయ్యి వెలగలేదు. సేవానిరాకరణ దాడి స్వరూపం ఇదే.

కంప్యూటర్ల భాషలోనూ జరిగేది ఇంచుమించు ఇటువంటిదే. మనం ఒక వెబ్‌సైట్‌ను తెరిచినప్పుడు మన యంత్రం ముందుగా సర్వరును పలకరిస్తుంది. సర్వరు బదులు పలికి, మన తిరుగు మాట కోసం కొంతసేపు వేచి ఉంటుంది. దాడి చేసేవాడు ఆ మర్యాదనే ఆయుధంగా మార్చుకుంటాడు. అసంఖ్యాకంగా పలకరింపులు పంపి, ఆపైన మౌనం వహిస్తాడు. రాని మాట కోసం ఎదురుచూస్తూ సర్వరు తన శక్తినంతా కోల్పోతుంది. 1996 సెప్టెంబరులో న్యూయార్క్ నగరంలోని పానిక్స్ అనే అంతర్జాల సేవాసంస్థ ఇటువంటి దాడికే గురైనది. తరువాతి కాలంలో ఈ విద్య మరింత ముదిరింది. లోకంలో పలుచోట్ల ఉన్న కంప్యూటర్లలో, కెమెరాలలో, రౌటర్లలో యజమానికి తెలియకుండా చొరబడి, వాటన్నింటినీ ఒకే లక్ష్యం మీదికి ఉసిగొల్పడం మొదలైనది. ఇట్లు వశమైన యంత్రాల దండునే బాట్‌నెట్ అంటారు.

ఈ దాడులను గురించి మాట్లాడేటప్పుడు చాలామంది, ‘సొమ్ము పోలేదు, రహస్యాలు బయటపడలేదు, కొన్ని గంటలకు వెబ్‌సైట్ మళ్ళీ తెరచుకున్నది, ఇందులో నష్టమేమున్నది?’ అని తేలికగా తీసివేస్తారు. ఈ అభిప్రాయం సరైనది కాదని నా నమ్మకం. ఒక వెబ్‌సైట్ అంటే కేవలం ఒక యంత్రం కాదు. దాని చుట్టూ ఒక సమాజం ఉంటుంది. ద్వారం మూతపడినప్పుడు దెబ్బ తగిలేది యంత్రానికి కాదు, ఆ సమాజానికి.

2007వ సంవత్సరంలో ఎస్తోనియా అనే చిన్న దేశానికి ఈ సత్యం బోధపడింది. రాజధాని టాలిన్‌లో సోవియట్ కాలపు సైనికుని కంచు విగ్రహాన్ని నగరం నడిబొడ్డు నుండి సైనిక శ్మశానవాటికకు తరలించడంపై ఆ ఏప్రిల్ చివరలో అల్లర్లు చెలరేగాయి. ఆ వెంటనే ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, వార్తాపత్రికల వెబ్‌సైట్లపై దాడుల పరంపర ప్రారంభమై సుమారు మూడు వారాలు సాగింది. బ్యాంకు లావాదేవీలకు అంతర్జాలంపైనే ఎక్కువగా ఆధారపడిన ప్రజలు అవస్థలపాలయ్యారు. దేశం అల్లకల్లోలంగా ఉన్న ఆ రోజులలోనే వార్తలు కూడా సరిగా అందలేదు. ఒక్క తుపాకీ పేలకుండానే ఒక జాతి గొంతు నొక్కవచ్చునని లోకానికి తెలిసివచ్చింది. మరుసటి ఏడాది, 2008లో, సైబర్ రక్షణ కోసం నాటో కూటమి ఒక ప్రత్యేక కేంద్రాన్ని అదే టాలిన్ నగరంలో నెలకొల్పడానికి ఈ అనుభవం ప్రేరణ అయినది.

దేశాలకూ పెద్ద బ్యాంకులకూ ఈ దాడులను ఎదుర్కొనే ధనబలం, జనబలం ఉంటాయి. లాభాపేక్ష లేక స్వచ్ఛంద సేవకుల చేతులమీదుగా నడిచే సంస్థల గతి ఏమిటి? పాఠకులే రచయితలై కథలు పంచుకునే ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే గ్రంథాలయం 2023 జూలై 10న ఇటువంటి దాడికి లోనై మూతపడింది. దానిని తిరిగి నిలబెట్టడానికి శ్రమించినవారు స్వచ్ఛంద కార్యకర్తలు. 2024 అక్టోబరులో ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ వంతు వచ్చింది. బ్రూస్టర్ కాలే 1996లో స్థాపించిన ఈ సంస్థ పుస్తకాలను, పాత వెబ్ పుటలను భావితరాల కోసం భద్రపరుస్తున్నది. సేవానిరాకరణ దాడులు ఒకవైపు, మూడు కోట్లకు పైగా ఖాతాల వివరాల చౌర్యం మరొకవైపు ఏకకాలంలో ఆ సంస్థను చుట్టుముట్టాయి. కొన్ని రోజులపాటు దాని తలుపులు మూసి ఉంచవలసి వచ్చింది.

ఈ రెండవ సంఘటన మనకు పరాయిది కాదు. మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన వేలాది తెలుగు గ్రంథాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అచ్చులో లేని కావ్యం కోసం, తాతల నాటి వ్యాకరణం కోసం, చిరిగిపోయిన పాత పత్రిక కోసం మన పరిశోధకులు, భాషాభిమానులు ఆ వాకిలినే తడుతుంటారు. సముద్రాల ఆవల జరిగిన దాడి వలన ఇక్కడి తెలుగు పాఠకుని చేతిలోని పుస్తకం కూడా మూతపడింది.

ఈ దాడులు చేసేవారు ఎవరు? ఆరితేరిన గూఢచారులేనని మనం అనుకుంటాము. కాని చరిత్ర చెప్పేది వేరు. 2000 ఫిబ్రవరిలో యాహూ, అమెజాన్, ఈబే, సీఎన్ఎన్ వంటి వెబ్‌సైట్లను స్తంభింపజేసినవాడు కెనడాకు చెందిన పదిహేనేళ్ల బాలుడు. 2016లో ‘మిరాయ్’ అనే బాట్‌నెట్‌ను సృష్టించినవారు అమెరికాలోని ముగ్గురు యువకులు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటకు సంబంధించిన వ్యాపార స్పర్ధలో ప్రత్యర్థులను దెబ్బతీయడానికి దానిని వాడుకున్నారు. వారిలో ఒకడు తాను చదివిన విశ్వవిద్యాలయంపైనే పలుమార్లు దాడి చేసి తోటి విద్యార్థుల చదువులకు విఘాతం కలిగించాడు. తరువాత ఆ ప్రోగ్రాము బహిరంగమై ఇతరుల చేతుల్లో పడింది. 2016 అక్టోబరు 21న డైన్ అనే సంస్థపై జరిగిన దాడితో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ వంటివి లక్షలాది వినియోగదారులకు గంటల తరబడి అందకుండా పోయాయి. ఆటగా మొదలైనది ఖండాంతర సంక్షోభంగా పరిణమించింది. తెలివి ఉండి వివేకం లేకపోతే కలిగే అనర్థానికి ఇంతకంటే నిదర్శనం వేరే అక్కరలేదు.

ఇప్పుడు తెలివి కూడా అక్కరలేని స్థితి వచ్చింది. కొద్దిపాటి రుసుము తీసుకొని కోరినవారిపై దాడి చేసిపెట్టే దుకాణాలు వెలిశాయి. 2018 ఏప్రిల్‌లో ఐరోపా పోలీసులు మూయించిన అటువంటి ఒక సైట్‌లో లక్షా ముప్పయి ఆరు వేలకు పైగా వినియోగదారులు నమోదై ఉన్నారు. నెలకు 15 యూరోలకే అక్కడ దాడి లభించేది. ఇట్టి వ్యాపారం గుట్టు బయటపెట్టిన అమెరికా పాత్రికేయుడు బ్రయాన్ క్రెబ్స్ వెబ్‌సైట్‌పై 2016 సెప్టెంబరులో సెకనుకు 620 గిగాబిట్ల ప్రమాణంలో దాడి జరిగింది. ఉచితంగా రక్షణ కల్పిస్తున్న సంస్థ సైతం ఆ భారం మోయలేక తప్పుకున్నది. చివరకు గూగుల్ సంస్థ పాత్రికేయుల కోసం నడిపే రక్షణ పథకం ఆదుకున్నది. ఇక్కడ మనం ఆలోచించవలసినది ఒకటున్నది. నోరు విప్పడానికి ఒక మహాసంస్థ గొడుగు తప్పనిసరి అయితే, ఆ గొడుగు దొరకని సామాన్యుని మాట ఏమి కావాలి?

కొందరు ఈ దాడులను నిరసన రూపంగా సమర్థిస్తారు. 2010లో వికీలీక్స్‌కు విరాళాలు అందకుండా చేసిన చెల్లింపుల సంస్థలపై అనానిమస్ బృందం ఈ మార్గాన్నే అనుసరించింది. దీనిని చట్టబద్ధమైన నిరసనగా గుర్తించాలని 2013లో అమెరికా అధ్యక్ష భవనానికి వినతిపత్రం కూడా సమర్పించారు. కార్యాలయం ముందు బైఠాయించడానికీ దీనికీ తేడా ఏమిటని వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో ఆవేదన ఉన్నది, కొంత న్యాయమూ ఉన్నది. బలవంతుల ముందు బలహీనులకు మార్గాలు తక్కువే. కాని సత్యాగ్రహి తన ముఖం చూపి, తన దేహాన్నే అడ్డుపెట్టి, శిక్షకు సిద్ధపడి కూర్చుంటాడు. దాడి చేసేవాడు ముసుగు వెనుక ఉంటాడు, తరచు ఇతరుల యంత్రాలను దొంగచాటుగా వాడుకుంటాడు. అన్నింటికంటె ముఖ్యమైనది, నిరసన అనగా మన మాట వినిపించడమే గాని ఎదుటివాని నోరు మూయడం కాదు.

మన దేశంలో ఇది స్పష్టంగా నేరం. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలోని 43, 66 సెక్షన్ల ప్రకారం అర్హులకు కంప్యూటర్ సేవ అందకుండా దురుద్దేశంతో అడ్డుకున్నవారికి మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. అయితే చట్టం ఒక్కటే చాలదు. మిరాయ్ దండులో చేరిన కెమెరాలు, రౌటర్లు చాలావరకు సామాన్యుల ఇళ్లలోనివే. కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డును మార్చకపోవడమే వారు చేసిన తప్పు. మన అజాగ్రత్త పరుల చేతిలో ఆయుధమవుతుంది. కాబట్టి ఇంట రౌటరు, కెమెరా బిగించిననాడే పాస్‌వర్డు మార్చాలి, సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరించాలి. మన ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం బాట్‌నెట్ల బెడద వదిలించుకోవడానికి ఉచిత సాధనాలను అందజేస్తున్నది. వాటిని ఉపయోగించుకోవాలి.

కంప్యూటర్ విద్య నేర్చే యువత మరొక మాట గుర్తుంచుకోవాలి. తలుపు మూయడానికి పాండిత్యం అవసరం లేదు. మూసిన తలుపును తెరిచి, వేలాది పాఠకులకు మళ్ళీ దారి చూపడానికే నిజమైన పాండిత్యం కావాలి. ఫలితాల రోజున తెరచుకోని వెబ్‌సైట్ ముందు మనం పడిన ఆరాటాన్ని ఒక్కసారి స్మరించుకుంటే చాలు, ఆ ఆరాటాన్ని మరొకరికి కలిగించే పనికి మన చేయి ముందుకు సాగదు.