వెండికొండ వినోదము

బొలీవియా దేశమున రెండు మాసములు తిరిగితిని. ఉప్పుమైదానమును వర్ణించువారు పెక్కుమంది కలరు. నేను పొటోసీ వెండికొండను గూర్చియే చెప్పెదను.

1545లో అచట వెండి బయటపడెను. 1570 తరువాత స్పెయిను రాజప్రతినిధి టొలెడో ‘మీత’ యను వెట్టి నేర్పరచి, పెక్కు కొండసీమల మగవారిలో ఏడవవంతును ఏటేట ఆ గనులకు తోలించెను. 1812లో ఆ వెట్టి చట్టముచే రద్దయ్యెను. నాడు చచ్చినవారి కథ విని యాత్రికులు కన్నీరు విడుతురు. మంచిదే! మరునాడు వారే రుసుము చెల్లించి, కోకా ఆకులు కానుకగా గొని, గనిలో దూరి, దుమ్ముచే రొమ్ము చెడిన పనివాండ్ర మొగములపై దీపము వైచి చూచి వత్తురు! దారి చూపువారిలో కొందరు ఒకప్పటి గనివాండ్రే. పొట్టకూటికై చేయువారిని నిందింపను. వినోదమునకై కొనువారినే నిందింతును.

“చూడకున్న జాలి యెట్లు పుట్టును?” అని తోడి యాత్రికు డొకడు వాదించెను. అయ్యా, పుట్టిన జాలితో ఏమి చేసితివని యడిగితిని. తాను తీసిన ఛాయాచిత్రములు చూపెను.