ముట్టుకోకు, మాట్లాడకు

"ఎవరి బుర్ర వారిదమ్మా! అది పుట్టుకతో రావలసిందే గాని, మనం నూరిపోస్తే వచ్చేదా?" అన్నారు మా పిన్నిగారు.

పోయిన నెల ఎస్. రాయవరంలో వారింట నాలుగు రోజులున్నాను. ఈ మాట రావడానికి కారణం ఇద్దరు పిల్లలు. ఒకరు పిన్నిగారి మనుమరాలు, రెండవవాడు ఆ ఇంట అంట్లు తోమే మనిషి కొడుకు. ఇద్దరికీ మూడున్నరేళ్ళు. పిల్ల గలగలా మాట్లాడుతుంది, కనబడిన ప్రతిదానికీ "ఎందుకు?" అంటుంది. కుర్రవాడు గుమ్మం పక్కన గోడకు జేరబడి కూర్చుంటాడు. పలకరిస్తే తల దించుకుంటాడు.

"మా గుంటడికి బుర్ర తక్కువమ్మగారూ. ఏటి సేస్తాం, ఆడి రాత!" అంది కన్నతల్లి కూడా.

నిజంగా రాతేనా? మర్నాడు పొద్దున్న అరుగు మీద కూర్చుని, ఆ ఇద్దరితో ఎవరేం మాట్లాడుతున్నారో విన్నాను. తాతగారు మనుమరాలికి కాకిని చూపించి కబుర్లు చెప్పారు. పిన్నిగారు ఇడ్లీ ముక్కలు లెక్కపెడుతూ తినిపించారు. తల్లి జడ వేస్తూ, ఆ పిల్ల అడిగినవాటికల్లా జవాబు చెప్పింది. కుర్రవాడితో పెద్దవాళ్ళన్న మాటలు మాత్రం మూడంటే మూడు. "అక్కడ కూర్చో." "ముట్టుకోకు." "మాట్లాడకు." మొదటిది వాడి తల్లి అన్నది. రెండవది పిన్నిగారిది. మూడవది, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాది. ఫోనులో మాట్లాడుతూ కసిరాను.

తెలివి కొంత పుట్టుకతో వస్తుంది, కాదనను. కాని బిడ్డ మెదడు మొదటి రెండు మూడేళ్ళలో పెరిగినంత వేగంగా తరువాత మరెప్పుడూ పెరగదు. ఆ పెరుగుదలకు రెండు రకాల ఆహారం కావాలి. ఒకటి కడుపులోకి వెళ్ళేది: పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర, అయోడిన్ కలిపిన ఉప్పు. రెండవది కంటికీ, చెవికీ, చేతికీ అందేది: ఆట, మాట, లాలన. ఏది కరువైనా బిడ్డ వెనకబడుతుంది.

ఇది నా సొంత ఊహ కాదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడు వేల మంది పిల్లల్ని ఎంచుకుని, వారు ఎదుగుతుంటే ఏళ్ళ తరబడి పరిశీలిస్తూ వచ్చారు. ఆ పరిశోధన పేరు యంగ్ లైవ్స్. ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాల్లోనూ ఇదే పని జరిగింది. కలవారి పిల్లలకూ లేనివారి పిల్లలకూ తెలిసిన మాటల్లో తేడా అయిదేళ్ళకే, అంటే ఒకటో తరగతి మెట్టు ఎక్కకముందే కనబడింది. ఏడాది వయసుకే ఎదుగుదల తగ్గిన పిల్లలు వెనకబడ్డారు. అయితే తరువాత ఎత్తు పుంజుకున్నవాళ్ళు, పుంజుకోనివారికంటే చదువులో మెరుగయ్యారు. తలుపు పూర్తిగా మూసుకుపోదన్నమాట.

ఇందుకు ఆ తల్లిని తప్పు పట్టకండి. చీకటితో లేచి నాలుగిళ్ళ అంట్లు తోమి, మధ్యాహ్నానికి ఇల్లు చేరే మనిషికి కథలు చెప్పే ఓపిక ఎక్కడిది? ఆమెకు ప్రేమకేం లోటు లేదు. లోటల్లా తీరికకే.

అలాంటి ఇళ్ళకే జమైకా దేశంలో ఒక ఉపాయం చేశారు. 1986–87లో కింగ్‌స్టన్ పట్నపు పేదవాడల్లో, ఎదుగుదల తగ్గిన 129 మంది పసివాళ్ళను తీసుకున్నారు. వారిలో కొందరి ఇళ్ళకు వారానికొకసారి ఒక కార్యకర్త వెళ్ళి, గంటసేపు ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో ఆడిస్తూ, ఆ ఆట తల్లికీ నేర్పింది. రెండేళ్ళపాటు అంతే. ఇరవై ఏళ్ళ తరువాత చూస్తే, అలా ఆడినవారి సంపాదన ఆడనివారికంటే నూటికి 25 వంతులు ఎక్కువగా ఉంది!

ఇదంతా చెబితే పిన్నిగారు ఊరుకున్నారా? "ఈ ఊళ్ళోనే గురజాడవారు పుట్టలేదూ? ఆయనకెవరు నేర్పారు?" అన్నారు. నిజమే, అప్పారావుగారు 1862లో పుట్టింది ఇక్కడే. కాని తండ్రి పోయాక ఆయన చదువు విజయనగరంలో సాగిందంటే, చంద్రశేఖర శాస్త్రిగారు ఊరకే తిండీ బసా ఇచ్చి ఆదరించబట్టే. అప్పటికి ఆయన పసివాడు కాదు లెండి. అయినా అంతటి బుద్ధిమంతుడికీ ఒక ఇంటి నీడ కావలసి వచ్చింది కదా!

మనం చేయగలిగింది పెద్దదేమీ కాదు. పనిమనిషి బిడ్డను వెంట తెచ్చుకుంటే విసుక్కోకండి. పేరు పెట్టి పిలవండి. బియ్యం ఏరుతూ నాలుగు మాటలు మాట్లాడండి. మన పిల్లలు ఆడి వదిలేసిన బొమ్మ ఒకటి ఇవ్వండి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం పుణ్యమా అని వచ్చిన అంగన్‌వాడీల్లో ఆరేళ్ళలోపు పిల్లలకు తిండీ, ఆటపాటలూ ఉన్నాయి. కాని ఆమె మన అంట్ల దగ్గర ఉంటే బిడ్డను అక్కడ దింపేదెవరు? ఆమె పనివేళలు మన చేతిలోవి. ఓ అరగంట సర్దుకుంటే మన కాఫీకేం లోటు రాదు.

బయలుదేరే రోజున కుర్రవాడి ముందు గిన్నెడు చింతగింజలు పెట్టి పక్కన కూర్చున్నాను. వాడు చాలాసేపు ముట్టుకోలేదు. ముట్టుకోవచ్చునని వాడికి తెలియదు! చివరికి ఒక్కొక్కటే తీసి, పెద్దవి ఒక వైపూ, చిన్నవి ఒక వైపూ పేర్చాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

పిన్నిగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. దగ్గరకు వచ్చి వంగి, "నీ పేరేమిట్రా?" అన్నారు.

వాడు ఆ గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి ఏడాది అయింది.