గల్ఫ్ మెడికల్‌లో ‘అన్‌ఫిట్’.. ఆ తర్వాత ఎక్కడికి?

నిజామాబాద్, కరీంనగర్, కడప, పాతబస్తీ... గల్ఫ్‌కు కొడుకుల్ని పంపే చాలా ఇళ్లలో హెపటైటిస్ బి పేరు మొదట వినపడేది వీసా మెడికల్ రోజే. పాజిటివ్ అంటే ‘అన్‌ఫిట్’. ఏజెంటుకు కట్టిన డబ్బు పోయిందన్న బాధలో అసలు జబ్బు సంగతి ఎవరూ అడగరు. కొందరు పసరు మందుకు పరిగెడతారు. ఒంట్లో ఏ బాధా లేదు కదా అని ఇంకొందరు డాక్టర్ మొహమే చూడరు.

డబ్ల్యూహెచ్‌ఓ 2024 నివేదిక ప్రకారం 2022లో దేశంలో 2.98 కోట్ల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి సి ఉన్నాయి. మందులు లేక కాదు. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. సి అయితే ఎక్కువ మందికి 12 వారాల మాత్రలతో నయమైపోతుంది. బి అలా పోదు. అవసరమైనవాళ్లకు టెనోఫోవిర్ రోజుకో మాత్ర, ఏళ్ల తరబడి. మందు అందరికీ అక్కర్లేదు గానీ చెకప్ అందరికీ కావాలి.

చిక్కంతా ఇక్కడే. చికిత్స కేంద్రాలు ఎక్కువగా జిల్లా ఆస్పత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో ఉన్నాయి. రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని ఏళ్లపాటు ఎంతమంది తిరుగుతారు? పంజాబ్ 2016లోనే సి చికిత్సను జిల్లా ఆస్పత్రులకు దించింది. బి విషయంలో ఇంకో మెట్టు దిగి ఫాలోఅప్‌ను పీహెచ్‌సీకే ఇవ్వాలి. లివర్ ఎంత దెబ్బతిందో తొలి అంచనాకు ప్లేట్‌లెట్లు, ఏఎస్‌టీ లాంటి మామూలు పరీక్షలు చాలు. వైరల్ లోడ్‌కు శాంపిల్ వెళ్లాలి, మనిషి కాదు.

ఇంట్లో ప్లేటు వేరు పెట్టడం మరో దారుణం. ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటే బి అంటదు. అంటేది రక్తం, లైంగిక సంబంధం, కాన్పు ద్వారా. మంగలి షాపులో మార్చని బ్లేడుతోనూ. భార్యాపిల్లలకు టెస్టు చేయించి, నెగెటివ్ వస్తే టీకా వేయించాలి. పుట్టిన బిడ్డకు మొదటి డోసు 24 గంటల్లోపే పడాలి. కాన్పు ప్రైవేటులో అయినా సరే, పడిందా లేదా అని కార్డు అడిగి చూసుకోవాలి.